22 అడుగులు చాలుతాయాండీ?

హ్యూస్టన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పుట్టినరోజు భోజనాలయ్యాక పెరట్లో సాగే కబుర్లు మీకు తెలిసినవే. ఇంటి పన్నులు, పిల్లల కాలేజీలు, ఆ తర్వాత ఎవరో ఒకరు బోటు మాట ఎత్తుతారు. మొన్న అలాగే ఒకాయన అడిగారు: "22 అడుగుల సెంటర్ కన్సోల్ చాలుతుందాండీ, 26 తీసుకోమంటారా?" ఎక్కడ వేటాడదామని మీ ఉద్దేశం, అన్నాను. "సముద్రంలోనేనండీ" అన్నారు. ఏ నీళ్ళో తేలకుండా అడుగుల లెక్కలోకి దిగితే డబ్బు ఖర్చవుతుందే గానీ పడవ కుదరదు. ఆ రోజు ఆయనతో చెప్పినవీ, పొద్దుపోయి చెప్పలేకపోయినవీ ఇప్పుడు మీతో తీరిగ్గా చెప్పుకుంటాను.

ఈ తరహా పడవ ఎరగనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. స్టీరింగు, మీటలు, చేపల జాడ చూపే తెరలు అన్నీ ఉన్న దిమ్మె ఒకటి పడవ నడిమధ్యన నిలబడి ఉంటుంది. అదే కన్సోల్. దాని చుట్టూ మనిషి నడిచేంత ఖాళీ ఉంటుంది. గది ఉండదు. ఎండకి టీ-టాప్ అని నాలుగు గొట్టాల మీద చిన్న కప్పు. ఇంజన్లు వెనక, పడవ బయట వేలాడతాయి. ఇలా ఎందుకు కట్టారంటే, పెద్ద చేప గాలానికి తగిలాక ఒక్క చోట ఉండదు. ముక్కు వైపు పరుగెడుతుంది, పడవ కిందుగా దూరి అవతలి పక్కన తేలుతుంది. కర్ర పట్టుకున్న మనిషి దాని వెంబడి పడవ చుట్టూ తిరగాలి. గది ఉన్న పడవలో ఆ తిరుగుడు కుదరదు. వేట కోసమే పడవ కొనేవాడు సెంటర్ కన్సోల్ దగ్గర ఆగేది అందుకే.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఫ్లోరిడాలో పామ్ బీచ్ దగ్గర ఉన్నారనుకోండి. ఒడ్డు వదిలిన రెండు మూడు మైళ్ళకే లోతు నూరడుగులు దాటిపోతుంది. గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహం అంత దగ్గరగా పోతుంది. మన విశాఖలో కొమ్ముకోణం అంటామే, ఆ జాతి సెయిల్‌ఫిష్ చలికాలంలో అక్కడ తీరం కనబడుతుండగానే దొరుకుతుంది. మంచి రోజు చూసుకుని వెళ్తే అక్కడ 21 అడుగుల పడవ కూడా పనికొస్తుంది. అదే గాల్వెస్టన్ నుంచి బయలుదేరండి. ఇక్కడ సముద్రం అడుగు పళ్ళెంలా పరుచుకుని ఉంటుంది. ముప్పై మైళ్ళు పోయినా లోతు నూరడుగులు దాటదు. ఫ్లవర్ గార్డెన్ బ్యాంక్స్ అని పగడపు దిబ్బలున్నాయి, 1992లో వాటిని జాతీయ సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. అవి చూడాలంటే నూరు మైళ్ళకు పైనే పోవాలి. లూసియానాలో వెనిస్ దగ్గర మిసిసిపీ నది లోతు నీళ్ళలోకే చొచ్చుకెళ్ళి కలుస్తుంది కాబట్టి ట్యూనా వేట అంత దూరాభారం కాదు. దేశం ఒకటే, పడవ తరహా ఒకటే, కానీ ఈ మూడు చోట్లకీ కావలసిన పడవలు మూడు.

ఆయన్ని మళ్ళీ అడిగాను: ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడ గడుపుతారు? గాల్వెస్టన్ బేలో రెడ్‌ఫిష్, ట్రౌట్ పట్టుకుంటూ పిల్లలతో ఉంటే చాలనుకుంటే, లోపలి నీళ్ళు చాలా చోట్ల మనిషి నిలువు లోతే. అక్కడ అడుగు పెద్దగా కోసుగా లేని బే బోటు నయం, అడుగున్నర నీళ్ళలోనూ పోతుంది. జెట్టీలు దాటి పది పదిహేను మైళ్ళు, కింగ్ మ్యాకరెల్ కోసం అంటారా? అది మన వంజరానికి దగ్గరి చుట్టం, అదే ప్రజాతి. టెక్సాస్ రాష్ట్రపు నీళ్ళు 9 నాటికల్ మైళ్ళ దాకా ఉంటాయి. ఆ దాపుల్లో తిరగడానికి 22, 23 అడుగుల గట్టి పడవ సరిపోతుంది. రెడ్ స్నాపర్ కోసం యాభై మైళ్ళు పోతామంటే మాత్రం లెక్క మారిపోతుంది.

లెక్క మార్చేది పొడవు ఒక్కటే అనుకోకండి. పడవ అడుగు కోసుదనం అంతకంటే ముఖ్యం. వెనక అంచు దగ్గర అడుగు ఎన్ని డిగ్రీల కోణంలో పైకి లేస్తుందో దాన్ని డెడ్‌రైజ్ అంటారు. 14, 15 డిగ్రీలుంటే దాదాపు చదును. 24 ఉంటే బాగా కోసు. చదునుది తక్కువ నీళ్ళలో పోతుంది, ఆగినప్పుడు కుదురుగా ఉంటుంది, తక్కువ ఇంజనుతో లేస్తుంది. కానీ అల మీదికి వేగంగా పోనిచ్చారా, స్ప్రింగుల్లేని ఎడ్లబండి గతుకుల దారిన పడ్డట్టే. మోకాళ్ళూ నడుమూ ఆ రాత్రి సంగతి చెబుతాయి. కోసుది అలను కోసుకుంటూ పోతుంది, కాకపోతే ఆగి వేటాడేటప్పుడు పక్కలకు ఊగుతుంది, ఎక్కువ పెట్రోలు తాగుతుంది.

ఈ కోసు అడుగు వెనక ఒక చక్కని చరిత్ర ఉంది, చెప్పకుండా దాటలేను. రే హంట్ అని అమెరికన్ పడవల రూపకర్త. వేగంగా పోయే పడవ అడుగు వెనక దాకా చదునుగా మారాలని అంతా నమ్ముతున్న రోజుల్లో, కోసును ముక్కు నుంచి వెనక అంచు దాకా అలాగే లాక్కెళ్ళాడు. రిచర్డ్ బెర్ట్రామ్ ఆ తీరున కట్టించుకున్న మోపీ అనే పడవ 1960లో మయామీ నుంచి నసావుకి జరిగిన పందెంలో పెద్ద అలల మధ్య గెలిచింది. ఆ గెలుపుతో సముద్రపు వేటపడవల అడుగు మారిపోయింది. ఇవాళ మీరు బేరమాడే సెంటర్ కన్సోల్ ఏ కంపెనీదైనా, దాని అడుగున హంట్ ఆలోచన ఎంతో కొంత ఉంటుంది. అదే హంట్, రిచర్డ్ ఫిషర్ అనే ఆయనతో కలిసి 1958లో 13 అడుగుల బోస్టన్ వేలర్‌కి రూపమిచ్చాడు. రెండు ఫైబర్‌గ్లాస్ పెంకుల నడుమ నురుగు నింపిన పడవ అది. 1961లో లైఫ్ పత్రికలో ఫిషర్ ఆ పడవలో కూర్చుని ఉండగానే దాన్ని రంపంతో రెండు ముక్కలు చేసిన ఫొటోలు వచ్చాయి. రెండు ముక్కలూ తేలాయి.

తేలడం అన్నాను కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ఇది చాలామందికి తెలియదు, తెలియాల్సింది. అమెరికా చట్టం ప్రకారం 20 అడుగుల లోపు ఔట్‌బోర్డ్ పడవలు నీళ్ళతో నిండినా బోర్లా పడకుండా మట్టంగా తేలేలా కట్టాలి. 20 దాటితే ఆ నిబంధన లేదు. ఎంతమందిని, ఎంత బరువుని మోస్తుందో చెప్పే పలక కూడా 20 అడుగుల లోపు వాటికే తప్పనిసరి. అంటే 19 అడుగుల చిన్న పడవ చట్టం ఒత్తిడి వల్ల తేలుతుంది, 23 అడుగులది కట్టినవాళ్ళ మనస్సాక్షిని బట్టి తేలుతుంది. కొన్ని మంచి కంపెనీలు పెద్దవాటిలోనూ నురుగు నింపుతాయి, కొన్ని నింపవు. అమ్మే మనిషిని సూటిగా అడగండి: "ఇది నీళ్ళతో నిండితే ఎలా తేలుతుంది?" జవాబు తడుముకున్నారంటే ఆ పడవ నాకొద్దు. రంగు, స్పీకర్లు, లైట్లు ఇవన్నీ ఎంత బాగున్నా సరే.

2009 ఫిబ్రవరి 28న ఫ్లోరిడా పశ్చిమ తీరం నుంచి నలుగురు కుర్రవాళ్ళు 21 అడుగుల సెంటర్ కన్సోల్‌లో వేటకెళ్ళారు. మార్క్విస్ కూపర్, కోరీ స్మిత్ పేరున్న ఫుట్‌బాల్ ఆటగాళ్ళు. విల్ బ్లీక్లీ, నిక్ షైలర్ వాళ్ళ స్నేహితులు. తిరిగి బయలుదేరే వేళకి లంగరు అడుగున ఇరుక్కుపోయింది. ఎంత లాగినా రాకపోయేసరికి తాడును పడవ వెనక్కి కట్టి ఇంజను ముందుకు తోశారు. వెనక భాగం కిందికి దిగి, నీళ్ళు లోపలికొచ్చి పడవ తిరగబడింది. గాలి పెరిగింది, నీళ్ళు చల్లగా ఉన్నాయి. ప్రమాదం కబురు తనంతట తాను పంపే బీకన్ పడవలో లేదు. నలభై గంటలకు పైగా బోర్లా పడిన పడవను పట్టుకుని ఉన్న నిక్ షైలర్ ఒక్కడే బతికి బయటపడ్డాడు. ఎంత బలమున్న కుర్రవాళ్ళు! ఆ వార్త చదివినప్పటి బరువు నాలో ఇంకా దిగలేదు. పడవ కొనేవాళ్ళందరికీ ఇది చెప్పి తీరుతాను. లంగరు ముక్కు నుంచే వెయ్యాలి. రాకపోతే తాడు కోసెయ్యాలి. పదునైన కత్తి చేతికందే చోట ఉండాలి. లంగరు మళ్ళీ కొనుక్కోవచ్చు.

బీకన్ విషయంలో బేరం వద్దు. 406 మెగాహెర్ట్జ్ ఈపర్బ్ బీకన్ ఒకటి పడవకి, కుదిరితే పీఎల్‌బీ అనే చిన్న బీకన్ ఒకటి మీ ఒంటి మీది లైఫ్ జాకెట్‌కి. వీహెచ్ఎఫ్ రేడియో గట్టిది, 16వ ఛానెల్ ఎప్పుడూ వింటూ ఉండేలా. సెల్‌ఫోన్ పది పన్నెండు మైళ్ళు దాటితే నమ్మదగింది కాదు. 26 అడుగుల లోపు పడవ నడిపేవాళ్ళు ఇంజను ఆపే తాడు ఒంటికి తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టమే ఉంది. మనిషి జారిపడితే ఇంజను ఆగిపోతుంది, పడవ అతన్ని వదిలి పోదు, అతని మీదికీ రాదు.

ఇక నేను మరీ మరీ చెప్పే మాట. పడవని తిరుగు ప్రయాణానికి చూసి కొనండి. వేసవిలో ఇక్కడ తెల్లవారుజామున సముద్రం నిద్రలో ఉన్నట్టే ఉంటుంది. ఆ నీళ్ళలో ఏ పడవైనా బాగానే పోతుంది. మధ్యాహ్నానికి ఆగ్నేయం నుంచి గాలి లేస్తుంది. నీళ్ళు లోతు తక్కువ కాబట్టి అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి దగ్గరదగ్గరగా వస్తాయి. అలల ఎత్తు ఒక్కటే చూడకండి, వాటి మధ్య సెకన్లు చూడండి. గాల్వెస్టన్‌కి తూర్పున 22 నాటికల్ మైళ్ళ దూరంలో 42035 అనే ప్రభుత్వ బోయా ఉంది. అది ఎత్తుతో పాటు ఆ సెకన్లూ చెబుతుంది. ఏడు సెకన్లకి ఒకటి వచ్చే మూడడుగుల అల హాయి. నాలుగు సెకన్లకి ఒకటి వచ్చే మూడడుగుల అల నరకం.

పైగా ఇంటికి వచ్చేటప్పుడు ఆ గాలి వెనక నుంచి కొడుతుంది. వెనక అల పడవను ఎత్తి ముందుకు తోస్తే ముక్కు ముందు అల వెన్నులోకి దిగబడుతుంది. ముక్కు దగ్గర గోడలు ఎత్తుగా, బయటికి విచ్చుకుని ఉంటే పైకి లేస్తుంది. పల్లంగా, సన్నగా ఉంటే నీళ్ళను లోపలికి తెచ్చుకుంటుంది. అలాంటప్పుడు వెనక అంచున ఉండే ట్రిమ్ ట్యాబ్ రేకులు పూర్తిగా పైకెత్తి, ముక్కు తేలిగ్గా ఉంచి, అల వీపు మీద దాని వేగానికే పోవాలి. జెట్టీల మధ్య ఇంకో చిక్కు. బేలోంచి పాటు నీళ్ళు బయటికొస్తుంటే, ఎదురుగా గాలి లోపలికి తోస్తుంటే, మూతి దగ్గర అలలు నిలువుగా లేస్తాయి. ఆ పక్కనే హ్యూస్టన్ రేవుకు పోయే నూనె ఓడల రద్దీ. వెనక అంచు ఎత్తుగా, పూర్తిగా మూసి ఉన్న పడవ కావాలనేది అక్కడ తెలుస్తుంది. డెక్కు మీద పడ్డ నీళ్ళు స్కప్పర్ రంధ్రాల్లోంచి తమంత తామే బయటికి పోవాలి. మీ మిత్రులు నలుగురూ వెనక మూలలో నిలబడితే ఆ రంధ్రాల్లోంచే నీళ్ళు పైకి వస్తున్నాయా? అలా వస్తే ఆ పడవకి వెనక బరువెక్కువ.

ఇంజన్ల గొడవకి వద్దాం. ఒకటా, రెండా? 300 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఒక్కోటి 500 పౌండ్ల పైమాటే. చిన్న పడవకి రెండు తగిలిస్తే ఇందాక చెప్పిన వెనక బరువు తప్పదు. ముప్పై మైళ్ళ లోపు తిరిగేవాళ్ళకి, 24 అడుగుల వరకూ, ఒక్క మంచి ఇంజనూ, టోయింగ్ సభ్యత్వమూ చాలన్నది నా అభిప్రాయం. యాభై మైళ్ళు పోతే రెండు ఉండాల్సిందే. ఒకటి ఆగినా రెండోది మెల్లగా ఇల్లు చేరుస్తుంది. కానీ రెండూ ఒకే ట్యాంకు తాగుతుంటే, ఆ పెట్రోల్లో నీళ్ళుంటే, రెండూ కలిసే ఆగుతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను లాగేసుకుంటుంది. కుదిరిన చోట ఇథనాల్ లేనిదే పొయ్యండి, 10 మైక్రాన్ల ఫిల్టరు పెట్టండి, దాన్ని తరచూ మార్చండి.

ట్యాంకు లెక్క ఇలా వేసుకోండి. 24 అడుగుల పడవ గాలన్‌కి 2 మైళ్ళు పోతుందనుకుందాం. ట్యాంకు 100 గాలన్లు. 200 మైళ్ళ పడవ ఉందని సంబరపడొద్దు. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా ఉంచడానికి. పోయే దారికి 33 గాలన్లు, అంటే 66 మైళ్ళు. వేట కోసం అటూ ఇటూ తిరిగేది కూడా అందులోనే. అలల్లో గాలన్‌కి ఒకటిన్నరే రావచ్చు. గాలన్ పెట్రోలు ఆరు పౌండ్ల పైన తూగుతుంది కాబట్టి ట్యాంకు ఎంత పెద్దదైతే అంత మంచిదనీ అనలేం.

వేట సామగ్రి గురించి ఎక్కువ చెప్పను. బతికున్న ఎర కోసం గుండ్రటి లైవ్‌వెల్ ఉంటే చాలు, చదరంది అయితే చేపలు మూలలకి కొట్టుకుని చస్తాయి. రెడ్ స్నాపర్‌ని లోతులోంచి లాగితే పొట్టలో గాలి ఉబ్బి మళ్ళీ కిందికి పోలేదు. వదిలేసే చేపని అడుగుకి దింపే పరికరమో, గాలి తీసే సూదో పడవలో సిద్ధంగా ఉండాలని 2022 జనవరిలో మెక్సికో గల్ఫ్‌లోని ఫెడరల్ నీళ్ళలో నిబంధన వచ్చింది. నిబంధన లేకపోయినా చెయ్యాల్సిన పనే. వదిలిన చేప బతకాలి కదా.

మన ఇళ్ళ సంగతి ఒకటుంది. పడవ ఎక్కేది వేటకు పోయే నలుగురే కాదు. వేసవిలో ఇండియా నుంచి అమ్మా నాన్నా వస్తారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ ఆ పక్క గోడ దాటి ఎక్కగలదా? పక్కన తలుపున్న పడవలు వస్తున్నాయి, చూడండి. కన్సోల్ లోపల చిన్న టాయిలెట్ ఉంటుంది, మనిషి అందులో నిటారుగా కూర్చోగలడా? మీరే లోపలికెళ్ళి తలుపేసుకుని చూడండి. ఆడవాళ్ళు మళ్ళీ ఆ పడవ ఎక్కుతారా లేదా అనేది చాలా ఇళ్ళల్లో ఇక్కడే తేలిపోతుంది, అది పూర్తిగా న్యాయమే. నీడ ఉండాలి, వీపుకు ఆనుడు ఉన్న సీట్లు ఉండాలి. టెక్సాస్‌లో 26 అడుగుల లోపు పడవ కదులుతుంటే 13 ఏళ్ళ లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. వాళ్ళ కొలతకు సరిపోయేవి ముందే కొని ఉంచండి. మీ అబ్బాయికి నడపాలని సరదా ఉంటుంది. 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు 15 హెచ్‌పీ పైన ఇంజనున్న పడవ నడపాలంటే ఇక్కడ బోటింగ్ కోర్సు చదవాలి. ఏ ఏట పుట్టినా మీరూ చదవండి అంటాను.

పొడవు మాట ఇప్పుడు మాట్లాడొచ్చు. ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకునే ఉద్దేశముంటే పడవ వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు మించకూడదు, మించితే రోడ్డు మీద ప్రత్యేక అనుమతి కావాలి. సాధారణంగా 24, 25 అడుగుల దగ్గర ఆ గీత వస్తుంది. ఆపైన అయితే రేవులో నెలనెలా అద్దె కట్టే లెక్క వేసుకోండి. కొత్తది 24 అడుగులు, మంచి ఇంజనుతో, లక్ష డాలర్లు సులువుగా దాటేస్తుంది. ఆ డబ్బుకి అయిదారేళ్ళ పాత 26 అడుగులది మేలైన కంపెనీది దొరకొచ్చు. నన్నడిగితే అదే తీసుకోమంటాను.

పాతది చూసేటప్పుడు గంటల మీటరు తక్కువ చూపిందని మురిసిపోకండి. ఉప్పునీళ్ళలో తిప్పి, కడగకుండా ఏళ్ళ తరబడి నిలబెట్టిన ఇంజనుకన్నా, వారం వారం తిరిగి, ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగించుకున్న ఇంజను నయం. కింది గేరు ఆయిల్ తీయించి చూడండి, పాలలా తెల్లబడితే సీలు పోయింది. వెనక అంచునూ డెక్కునూ ప్లాస్టిక్ సుత్తితో తట్టండి. గట్టిగా మోగుతూ మోగుతూ ఒక చోట డొల్లగా, మెత్తగా పలికిందంటే లోపల చెక్క తడిసి చివికింది. అన్నిటికీ మించి పడవను పరీక్షించే సర్వేయర్‌ని మీరే పెట్టుకోండి, అమ్మేవాళ్ళు చూపించిన మనిషిని వద్దు.

కొనేముందు నడిపి చూసే సీ ట్రయల్‌కి అమ్మేవాళ్ళు పొద్దున ఏడింటికి రమ్మంటారు, బేలో ఒక చుట్టు తిప్పి తెస్తారు. మీరు మధ్యాహ్నం రెండు తర్వాత, గాలి లేచాక అడగండి. ఇంట్లోవాళ్ళను, మీతో వేటకొచ్చే ఇద్దరు ముగ్గురిని ఎక్కించుకోండి, ట్యాంకు నిండుగా ఉంచమనండి. జెట్టీలు దాటాక అలకి ఎదురు, అలకి అడ్డం, అల వెంబడి మూడు వైపులా నడిపించి, ఆ తర్వాత స్టీరింగు మీ చేతికిమ్మనండి. ఇంజను ఆపేసి పావుగంట ఊరికే తేలుతూ కూర్చోండి. ఎవరికి కడుపులో తిప్పుతోందో, ఎవరు దేన్ని పట్టుకుని నిలబడ్డారో గమనించండి. గాలి ఉన్న రోజు కుదరదని అమ్మేవాళ్ళంటే, ఇంకో పడవ చూసుకోవచ్చు. తీరం పొడుగునా అమ్మకానికి బోలెడున్నాయి.